ఫేర్‌వెల్ ఎలా దాటాలి: 4,317 చావుల తర్వాత ఒక క్యాషియర్ చెప్పే సంగతులు

సెలెస్ట్ అనే వీడియో గేమ్‌లో నా సేవ్ ఫైల్ తెరిస్తే తొమ్మిదో అధ్యాయం ఫేర్‌వెల్ దగ్గర చిన్న పుర్రె బొమ్మ ఉంటుంది. దాని పక్కన 4,317. ఆ ఒక్క అధ్యాయంలో నేను అన్నిసార్లు చచ్చాను. మా తమ్ముడు అది చూసి, "అక్కా, ఇవి చావులా, మీ బ్యాంకు డిపాజిట్లా?" అన్నాడు.

నేను కాకినాడలో ఒక సహకార బ్యాంకులో క్యాషియర్ని. పిల్లాడు పడుకున్నాక, వంటిల్లు సర్దడం అయ్యాక, తొమ్మిదిన్నర నుంచి పదింబావు దాకా నా ఆట టైము. రోజూ ఆ ముప్పావుగంట ఆడుకుంటూ జూన్‌లో మొదలుపెడితే దీపావళి ముందు రోజుకి ఫేర్‌వెల్ పూర్తయింది. చెయ్యి తిరిగినవాళ్ళకి వారం చాలునేమో. ఇది వాళ్ళకి కాదు. ముప్పై ఎనిమిదేళ్ళ బొటనవేళ్ళు ఉన్న నాలాంటివాళ్ళకి రాస్తున్నాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సెలెస్ట్ 2018 జనవరి 25న వచ్చింది. మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ అనే ఇద్దరు అంతకుముందు పీకో-8 అనే బుల్లి కంప్యూటర్ నమూనాలో నాలుగు రోజుల్లో చేసిన చిన్న ఆటే దీనికి విత్తనం. ఆ పాత ఆట మూడో అధ్యాయంలో, పాడుబడ్డ హోటల్లో ఓ మూల దాచిపెట్టి ఉంటుంది, దొరికితే ఆడుకోవచ్చు. పెద్ద ఆట కూడా పాత కాలపు పద్ధతిలోనే ఉంటుంది. మొత్తం తెర 320 చుక్కల వెడల్పు, 180 ఎత్తు. దాన్నే మన టీవీకి సరిపడా సాగదీస్తారు. మాడెలిన్ అనే అమ్మాయి కొండెక్కుతుంది. ఆమెకి చేతనైనవి మూడే: దూకడం, గోడ పట్టుకోవడం, గాల్లో ఒక్కసారి దూసుకుపోవడం. ఆ దూసుకుపోవడాన్నే డాష్ అంటారు, ఎనిమిది దిక్కుల్లో ఎటైనా వెళ్ళొచ్చు. కాలు నేలకి ఆనితే డాష్ మళ్ళీ చేతికొస్తుంది.

2019 సెప్టెంబర్ 9న ఈ ఆటకి చివరి అధ్యాయంగా ఫేర్‌వెల్‌ని పైసా తీసుకోకుండా ఇచ్చారు. ఆట కొన్నవాళ్ళు అప్‌డేట్ చేసుకుంటే చాలు. ఉచితం అనేసరికి, కూరలమ్మి చివర్లో వేసే కరివేపాకు రెమ్మలాంటి కొసరనుకున్నాను. తీరా చూస్తే నూటికి పైగా కొత్త స్క్రీన్లు, లీనా రేన్ చేసిన కొత్త సంగీతం, ఆట మొత్తంలో ఎక్కడా లేనంత కష్టం. కిలో వంకాయలు కొన్నందుకు కొసరుగా బియ్యం బస్తా నెత్తికెత్తారు.

ముందు గుండెకాయలు లెక్కపెట్టుకోండి

నేను చేసిన మొదటి తప్పు ఇక్కడే. ఎనిమిదో అధ్యాయం కోర్ పూర్తిచేస్తే ఫేర్‌వెల్ తెరుచుకుంటుంది. కోర్‌లోకి వెళ్ళడానికి నాలుగు క్రిస్టల్ హార్ట్‌లు, మా వాడి భాషలో గుండెకాయలు, ఉంటే సరిపోతుంది. ఇంకేముంది, లోపలికి వచ్చేశాం అనుకుంటాం. కానీ ఫేర్‌వెల్ మధ్యలో ఇంకో పెద్ద తలుపు ఉంది. దానికి 15 కావాలి. నేను అక్కడికి 11తో వెళ్ళాను. ఐదు వారాలు కష్టపడి వచ్చి తలుపు ముందు నిలబడితే, పాన్ కార్డు మర్చిపోయి కౌంటర్ దగ్గరికొచ్చిన కస్టమర్లా అయింది నా పని.

15 అనే అంకె ఊరికే పెట్టింది కాదు. ఎనిమిది అధ్యాయాల మామూలు దారుల్లో తలా ఒక గుండెకాయ దాచి ఉంటుంది, అవి ఎనిమిది. ఒకటి నుంచి ఏడు దాకా బీ-సైడ్‌లు పూర్తిచేస్తే తలా ఒకటి, అవి ఏడు. మొత్తం పదిహేను. బీ-సైడ్ అంటే అదే అధ్యాయానికి కారం దట్టించిన రూపం. ప్రతి అధ్యాయంలోనూ ఒక క్యాసెట్ దాగి ఉంటుంది, అది దొరికితే ఆ అధ్యాయం బీ-సైడ్ తెరుచుకుంటుంది. ఈ లెక్కలో ఒక మర్మం ఉంది. ఆ ఏడు బీ-సైడ్‌లూ ఆడనివాళ్ళ చెయ్యి ఫేర్‌వెల్ రెండో సగానికి చాలదు. తలుపు మనల్ని ఆపుతున్నట్టు ఉంటుంది గానీ, నిజానికి వెళ్ళి సాధన చేసి రమ్మంటోంది. నాకు అప్పట్లో ఇది తోచలేదు, తిట్టుకున్నాను.

దాచిన గుండెకాయల్లో చాలామంది మొదట్లోనే వదిలేసేది మొదటి అధ్యాయం ఫర్సేకెన్ సిటీలోది. అక్కడ ఒక శాటిలైట్ డిష్ ఉంటుంది. చుట్టూ రంగురంగుల పిట్టలు ఎగురుతుంటాయి, ఒక్కో రంగు పిట్ట ఒక్కో దిక్కుకి. అక్కడే ఉన్న కంప్యూటర్ తెర మీద రంగులు ఒక వరసలో వెలుగుతుంటాయి. ఏ రంగు వెలిగితే ఆ రంగు పిట్ట ఎగిరే దిక్కుకి డాష్ కొట్టాలి. మీరే కనిపెట్టాలనుకుంటే ఈ పేరా ఇక్కడే వదిలెయ్యండి. నాలాగా ఓపిక లేనివాళ్ళకి: పైకి, ఎడమకి, కిందికి కుడివైపు ఏటవాలుగా, పైకి కుడివైపు ఏటవాలుగా, ఎడమకి, పైకి ఎడమవైపు ఏటవాలుగా. ఆరు డాష్‌లు, అంతే.

చేతులూ కీలూ

నేను మొదట ఆడింది ఆఫీసు పనికని కొన్న మామూలు యూఎస్‌బీ కీబోర్డు మీద. బాణాలతో కదలడం, జడ్‌తో పట్టుకోవడం, ఎక్స్‌తో డాష్, సీతో దూకడం. ఆట ఇచ్చే పొందిక ఇదే. పై బాణం, ఎడమ బాణం కలిపి నొక్కి ఎక్స్ కొడితే నా మాడెలిన్ కొన్నిసార్లు అసలు కదిలేదే కాదు. రెండు వారాలపాటు తప్పు నా వేళ్ళదే అనుకున్నాను. తీరా అది కీబోర్డు జబ్బు. చవక కీబోర్డులు కొన్ని మూడు కీలు ఒకేసారి నొక్కితే మూడోదాన్ని మింగేస్తాయి.

మీదీ అలాంటిదేనేమో పరీక్షించడానికి ఆట కూడా అక్కర్లేదు. నోట్‌ప్యాడ్ తెరవండి. రెండు బాణాలు కలిపి నొక్కి ఉంచి ఎక్స్ కొట్టండి, తర్వాత సీ, తర్వాత జడ్. అక్షరం పడుతోందా లేదా చూడండి. నాలుగు ఏటవాలు దిక్కులకీ ఇలాగే చెయ్యండి. ఏదైనా పడకపోతే ఆట ఆప్షన్లలోకి వెళ్ళి ఆ పనిని వేరే కీకి మార్చుకోండి. నేను డాష్‌ని 'A' అక్షరం కీకి మార్చాను, ఆ జబ్బు పోయింది. కంట్రోలర్ ఉన్నవాళ్ళయితే గుండ్రంగా తిరిగే పుల్ల కన్నా ప్లస్ గుర్తులాంటి బటన్లే వాడండి. పుల్లతో ఏటవాలు కొట్టబోతే సూటిగా పోతుంది, సూటిగా పోతే ముళ్ళే.

ఆప్షన్లలోనే గ్రాబ్ మోడ్ అని ఇంకోటి ఉంది. పట్టుకునే కీని నొక్కి ఉంచక్కర్లేకుండా, ఒకసారి నొక్కితే పట్టుకునేలా, మళ్ళీ నొక్కితే వదిలేలా పెట్టుకోవచ్చు. ఫేర్‌వెల్‌లో ఎంతసేపూ ఏదో ఒకటి పట్టుకునే ఉండాలి కాబట్టి చిటికెన వేలు నొప్పి పుట్టేవాళ్ళకి ఇది మందు. తలనొప్పి మనుషులు స్క్రీన్ అదరడం ఆపేసుకుని, కళ్ళు జిగేలుమనే మెరుపుల్ని తగ్గించే ఫోటోసెన్సిటివ్ మోడ్ పెట్టుకోండి. ఈ అధ్యాయంలో కరెంటు మెరుపులు ఎక్కువ.

ఇక కళ్ళ సంగతి. కాళ్ళు కాదు, జుట్టు చూడండి. మాడెలిన్ జుట్టు ఎర్రగా ఉంటే ఒక డాష్ చేతిలో ఉన్నట్టు. నీలం అయితే ఖాళీ. గులాబీ అయితే రెండు. ఫేర్‌వెల్‌లో ఆమె దగ్గర మామూలుగా ఒక్క డాషే ఉంటుంది, భుజాన ఎప్పుడూ ఉండే సంచీ కూడా ఉండదు. గాల్లో అక్కడక్కడా గులాబీ స్ఫటికాలు వేలాడుతుంటాయి, అవి తాకితే రెండు డాష్‌లు వస్తాయి. నా చావుల్లో సగం "రెండోది ఉందనుకున్నాను" రకం. జుట్టు చూడటం అలవాటయ్యాక అవి పోయాయి.

ఆట మనం అనుకున్నంత కర్కశంగా ఏమీ ఉండదు. అంచు దాటి కాలు గాల్లోకి వెళ్ళాక కూడా సెకనులో పదో వంతు సేపు దూకడానికి ఒప్పుకుంటుంది. నేల తాకడానికి కాస్త ముందే జంప్ నొక్కినా గుర్తుపెట్టుకుని తాకగానే దూకిస్తుంది. అంటే కంగారు పడి ముందే నొక్కినా పర్వాలేదు, ఆలస్యమైనా పర్వాలేదు. కంగారులో రెండుసార్లు నొక్కితేనే చెడేది.

జెల్లీలూ బుడగ చేపలూ

ఫేర్‌వెల్‌లో కొత్తగా వచ్చినవాటిలో జెల్లీ చేప నాకు ఇష్టం. గాల్లో తేలుతుంటుంది, దగ్గరికెళ్ళి గ్రాబ్ నొక్కితే గొడుగులా పట్టుకుని మెల్లగా దిగొచ్చు. పై బాణం నొక్కి ఉంచితే ఇంకా మెల్లగా, కింది బాణం నొక్కితే గబగబా దిగుతుంది. చాలామంది దీన్ని మెల్లగా దిగడానికే వాడతారు. కానీ ముళ్ళ సందుల్లో ఎక్కడ గబుక్కున పడాలో తెలుసుకోవడమే అసలు పని. నేను ప్రతి జెల్లీ గదిలోనూ మొదటి పది చావులు ఊరికే కింది బాణం ఎక్కడ నొక్కాలో చూడటానికే ఖర్చు పెట్టేదాన్ని.

జెల్లీ చేతిలో ఉండగా గోడ పట్టుకోలేం. అప్పుడు దాన్ని వదలాలి. ఊరికే గ్రాబ్ వదిలితే ముందుకి విసిరేస్తుంది. కింది బాణం పట్టుకుని వదిలితే విసరకుండా ఉన్నచోటే జారవిడుస్తుంది. ఈ రెండో పద్ధతి రాకపోతే ముందుకి పోలేరు. జారవిడిచి, డాష్ కొట్టి, మళ్ళీ అందుకోవడం అనే ఆట ఇక్కడ పదేపదే వస్తుంది. జెల్లీ పట్టుకున్నంత మాత్రాన డాష్ తిరిగి రాదు, ఇది గుర్తుపెట్టుకోండి.

బుడగ చేప వేరే రకం. ముళ్ళ బుడగలా ఉబ్బి ఉంటుంది. పైనుంచి దాని మీద దిగితే స్ప్రింగులా పైకి ఎగరేస్తుంది. పక్కనుంచో కిందనుంచో దగ్గరికెళితే టప్పున పేలి మనల్ని అవతలికి విసిరేస్తుంది. పేలినప్పుడు డాష్ తిరిగొచ్చేస్తుంది, కాబట్టి పేలుడు శత్రువు కాదు, అదే బండి. విసురుతున్న దిక్కుకే బాణం నొక్కి ఉంచితే ఇంకాస్త దూరం పోతారు. నేను భయపడి వెనక బాణం నొక్కేదాన్ని, అందుకే ప్రతిసారీ గజం దూరం తక్కువ పడేది. బస్సు బ్రేకేసినప్పుడు వెనక్కి లాగినట్టు లాగకుండా, తోపుతోపాటే వెళ్ళిపోవాలి.

పవర్ సోర్స్ అనే భాగంలో దారులకి అడ్డంగా కరెంటు పారుతుంటుంది. దాన్ని ఆపే డబ్బాల్ని డాష్‌తో రెండుసార్లు గుద్దాలి. ఇక్కడ పెద్దగా చెప్పేదేమీ లేదు. నడిమి హాలు, చుట్టూ గదులు. ఏ గది కష్టంగా ఉంటే దాన్ని వదిలి ఇంకోదానికి వెళ్ళండి. ఈ భాగానికి నాకు పది రోజులు పట్టింది, ఆ పది రోజుల్లో మా వీధిలో నిజం కరెంటు నాలుగు రాత్రులు పోయింది. ఆట ఆపేటప్పుడు పాజ్ చేసి సేవ్ చేసి బయటికి రండి, తర్వాతి రోజు అదే గదిలో మొదలవుతుంది. లాప్‌టాప్ బ్యాటరీ పోయినవాళ్ళు ఇన్వర్టర్ని నమ్ముకోవద్దని నా అనుభవం.

వేవ్‌డాష్

సగం దాటాక ఒకచోట ఒక పాత కంప్యూటర్ కనిపిస్తుంది. దాని మీద వేవ్‌డాష్ ఎలా వెయ్యాలో ఆఫీసు మీటింగుల్లో చూపించే స్లైడ్‌లలాగే స్లైడ్‌లు పెట్టి మరీ చెబుతారు. నవ్వొచ్చింది. కానీ స్లైడ్ చూస్తే పని వచ్చేదైతే మా బ్యాంకు ట్రైనింగులకి వెళ్ళొచ్చినవాళ్ళంతా నిపుణులయ్యేవాళ్ళు. ఇది వేళ్ళకి రావాలి.

పని ఇదీ. చిన్నగా ఎగరాలి. నేలకి దగ్గరగా ఉండగానే కిందికి ఏటవాలుగా, మనం వెళ్ళాల్సిన వైపుకి, నేలలోకి డాష్ కొట్టాలి. ఆమె నేల తాకి వంగి జారుతుంది. ఆ జారుడులో జంప్ నొక్కాలి. చెరువు మీద పెంకు విసిరితే నీళ్ళు తాకి ఎగురుకుంటూ పోతుంది చూడండి, అదే. ఎత్తు తక్కువ, దూరం ఎక్కువ.

ఎంత వేగమో చెప్తే నమ్మబుద్ధి కాదు. మాడెలిన్ పరుగు సెకనుకి 90 చుక్కలు. డాష్ 240. వేవ్‌డాష్‌తో దూకే క్షణంలో 325. మొత్తం తెర వెడల్పు 320 అని ముందే చెప్పాను. అంటే ఆ వేగం తగ్గకుండా ఉంటే ఒక్క సెకనులో తెర ఈ చివరినుంచి ఆ చివరికి. తగ్గుతుంది, కాకపోతే గాల్లో ఉన్నంతసేపూ ముందు బాణం వదలకుండా పట్టుకుంటే మెల్లగా తగ్గుతుంది. వదిలేస్తే ఠక్కున పడిపోతుంది. నాకు వేవ్‌డాష్ పడటం మొదలయ్యాక కూడా గోతిలోనే పడుతూ ఉండటానికి కారణం ఇదే. గెలిచాననే సంతోషంలో బాణం వదిలేసేదాన్ని.

సాధన ముళ్ళ దగ్గర చెయ్యకండి. మొదటి అధ్యాయానికి వెళ్ళి ఓ చదునైన నేల చూసుకోండి. మొదట చివర్లో నొక్కే జంప్ పక్కన పెట్టి, చిన్నగా ఎగరడం, ఏటవాలు డాష్ మాత్రం చెయ్యండి. ఆమె వంగి జారుతోందంటే డాష్ సరిగ్గా నేలని తాకినట్టు. గాల్లోనే ఆగిపోతోందంటే మరీ ఎత్తులో కొట్టారు. జారడం ఇరవైసార్లు వరసగా వచ్చాక అప్పుడు జంప్ కలపండి.

బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే మిషన్ పాడైన రోజున చేత్తోనే కట్టలు లెక్కపెడతాం. ఎడమ చేతిలో కట్ట మడిచి పట్టుకుని, కుడి బొటనవేలితో ఒక్కో నోటూ లాగుతుంటే ఒక చప్పుడు వస్తుంది. చప్పుడు సమంగా ఉన్నంతసేపూ లెక్క సమంగానే ఉంటుంది. ఎవరైనా పలకరిస్తే, లేదా 'ఇప్పుడెంత' అని నేనే తలుచుకుంటే, మళ్ళీ ఒకటి నుంచి. వేవ్‌డాష్ నాకు వచ్చింది ఆ చప్పుడు దొరికినప్పుడే. జంప్, డాష్, జంప్. మొదటి రెండూ దగ్గరగా, మూడోది ఓ పిసరు ఆగి. టక్-టక్, టక్. కీబోర్డు చప్పుడు వింటూ, తెర చూడకుండా కూడా వేశాను కొన్నిసార్లు. మా ఆయన పక్కగదిలోంచి, "టైపు నేర్చుకుంటున్నావా?" అన్నారు.

ఆ మూడో టక్ పిసరు ఆలస్యం కావడానికి ఇంకో ప్రయోజనం ఉంది. డాష్ మొదలయ్యాక సెకనులో పదో వంతు దాటాక, కాళ్ళు నేల మీద ఉంటే డాష్ తిరిగి నిండుతుంది. మొత్తం డాష్ నడిచేది సెకనులో 15 శాతం సేపే. కాబట్టి జారుడులో మరీ తొందరగా దూకితే దూరం వస్తుంది గానీ జుట్టు నీలంగా ఉంటుంది, గాల్లో ఇంకో డాష్ ఉండదు. కాస్త ఆగి దూకితే జుట్టు ఎర్రబడి ఉంటుంది. రెండో సగంలో చాలా గదులు ఈ ఎర్ర జుట్టు వేవ్‌డాష్ మీదే నడుస్తాయి. నేను మూడు వారాలు నీలం జుట్టుతోనే దూకి, 'ఈ గది కుదిరే పని కాదు' అని తేల్చేశాను. తమ్ముడు వీడియో కాల్‌లో చూసి, "అక్కా, నువ్వు మరీ కరెక్టుగా నొక్కుతున్నావ్. కొంచెం బద్ధకించు" అన్నాడు. ఫేర్‌వెల్ గురించి నాకెవరైనా చెప్పిన మాటల్లో అంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

చివరి గది

ఆఖరి స్క్రీన్‌ని ఒక స్క్రీన్ అనడం మర్యాదకే. ఒక పిట్ట దారి చూపిస్తూ ముందు ఎగురుతుంటుంది, మనం దాని వెనక నేర్చుకున్నవన్నీ ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోవాలి. మధ్యలో ఆగే చోటు లేదు. చివర్లో చచ్చినా మొదటికే.

ఇలాంటి గదిలో కష్టమైన చోటు కన్నా, కష్టమైన చోటికి చేరుకోవడానికే ఎక్కువసార్లు చస్తాం. చివరి భాగాన్ని రోజుకి మూడుసార్లు చూస్తే అది ఎప్పటికి చేతికి రావాలి? నేను చేసిన పని చెప్తాను. విండోస్ కంప్యూటర్లో ఆడేవాళ్ళకి ఆట ఉన్న చోటే సేవ్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో 0, 1, 2 అంకెలతో ఫైళ్ళుంటాయి, మూడు సేవ్‌లకి మూడు. నా అసలు సేవ్‌ని కాపీ చేసి ఖాళీ అంకెతో పెట్టుకున్నాను. ఆ నకలులో, ఫైలు ఎంచుకునే చోట అసిస్ట్ మోడ్ పెట్టి, చావు లేకుండా చేసుకుని, గది మొత్తం పది పదిహేనుసార్లు చివరిదాకా నడిచాను. తర్వాత చావు మామూలుగా ఉంచి, ఆట వేగం 70 శాతానికి తగ్గించి ఆడాను. సగం దాకా తగ్గించుకోవచ్చు, పది శాతం లెక్కన. తర్వాత 80, 90. ఆ తర్వాత అసలు సేవ్‌లోకి వచ్చాను.

తమ్ముడు దీన్ని మోసం అన్నాడు. వాడి దగ్గర సాయంత్రాలు ఉన్నాయి, నా దగ్గర నలభై ఐదు నిమిషాలు ఉన్నాయి. అసలు ఆ మోడ్‌తోనే ఆట మొత్తం ఆడుకున్నా తప్పేం లేదు. ఆట తయారుచేసినవాళ్ళే మెనూలో పెట్టిన సదుపాయానికి మనం సంజాయిషీ ఇచ్చుకోవడం ఎందుకు?

రెండు చిన్న సంగతులు. ఒకే గదిలో ముప్పై నిమిషాలు దాటితే చెయ్యి పాత తప్పునే బాగా నేర్చుకుంటుంది, ఆపేసి పడుకోండి. నాకు కదలని గదులు చాలావరకు మర్నాడు మొదటి పది నిమిషాల్లో కదిలాయి. రెండోది, నీళ్ళు తాగండి. చెప్పడానికి సిల్లీగా ఉంది, కానీ చెమట పట్టిన బొటనవేలు జారి నేను ఈ గది చివర్లో రెండుసార్లు పోయాను.

కథ సంగతి నేను ఎక్కువ చెప్పను. కొండ మీద ఎప్పుడూ నవ్వుతూ ఎదురయ్యే ముసలావిడ ఈ అధ్యాయం మొదలయ్యేసరికే లేదు. మాడెలిన్ ఆవిడ అంత్యక్రియలకి వెళ్ళలేదు. ఆ పిట్ట వెంట ఎందుకు పరిగెడుతోందో, మాడెలిన్‌ లోపలి భయాలే ఇంకో రూపమెత్తిన బాడెలిన్ ఆమెని నిలదీస్తుంటుంది. మా అమ్మమ్మ పోయినప్పుడు నేను ఇంటర్ ప్రాక్టికల్స్ అని తుని వెళ్ళలేదు. దినకర్మ రోజుకి కూడా వెళ్ళలేదు, అది మాత్రం ప్రాక్టికల్స్ వల్ల కాదు. ఆ మాటలు వచ్చే చోట జంప్ కొట్టి సంభాషణ దాటేయకండి. నేను మొదటిసారి దాటేసి, మళ్ళీ నకలు సేవ్‌లోకి వెళ్ళి కూర్చుని చదివాను.

నాకు చివరి గది పడింది రాత్రి పది గంటల నాలుగు నిమిషాలకి. అరవలేదు, పిల్లాడు లేస్తాడని. లాప్‌టాప్ మూసి, మర్నాటి దీపావళికి నానబెట్టాల్సిన మినప్పప్పు గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్ళాను.

ఇంకా ఒకటి మిగిలి ఉంది. ఒక్కసారి కూడా చావకుండా అధ్యాయం మొత్తం దాటితే బంగారు స్ట్రాబెర్రీ ఇస్తారు. తమ్ముడు దాని మీద పడ్డాడు, ఆరు నెలలుగా అక్కడే ఉన్నాడు. దాని గురించి వాడు రాస్తాడు, నాకు తెలీదు.